తేనీటి రుచి నేర్చిన కథ

పుట్టుకతోనే తేనీటిని ఇష్టపడే మానవుడు లేడు. తేనె, పాలు, మామిడిపండు వీటి మాధుర్యాన్ని శిశువుకు ఎవరూ నేర్పనక్కరలేదు. కాని పాలూ పంచదారా కలపని తేయాకు కషాయాన్ని మొదటిసారి నోట పోసుకొన్నవాడు ముఖం చిట్లించక మానడు. నాలుక పిడచగట్టినట్లు, చిగుళ్లు బిగిసినట్లు తోస్తుంది. అది వగరు. షడ్రుచులలో వగరుకు స్థానం ఉన్నదే గాని, దానిని కోరి తెచ్చుకొనేవారు అరుదు. అటువంటి పానీయం నేడు ప్రపంచంలో మంచినీటి తరువాత ఎక్కువమంది త్రాగే పానీయమైనది. ఇది ఎట్లు సంభవించినది?

ఈ ప్రశ్నకు సమాధానం కోసం చరిత్రను తిరగవేస్తే ఒక విశేషం కనిపిస్తుంది. తేనీరు త్రాగడం ప్రతి దేశంలోను ఎవరో ఒకరు నేర్పగా వచ్చిన అలవాటే. కాని నేర్పినవారు విధించిన పద్ధతిలోనే త్రాగుతూ నిలిచిపోయిన జాతి మాత్రం కానరాదు. నేర్చుకొన్నవారు ప్రతిచోటా తమకు నచ్చిన రుచిని తామే కనిపెట్టుకొన్నారు. మన దేశం ఇందుకు చక్కని తార్కాణం.

ముందుగా పేరు సంగతి చూడండి. చైనా ఒక్కటే అయినా అక్కడి నుండి ఈ వస్తువు రెండు పేర్లతో బయలుదేరినది. ఆగ్నేయ తీరంలోని ఫూజియన్ ప్రాంతపు మాండలికంలో దీని పేరు 'తే'. అక్కడి రేవులతో వర్తకం నడిపిన డచ్చివారి ఓడల మీద ఈ పేరు ఐరోపాకు చేరి, ఇంగ్లీషువారి నోట 'టీ' అయినది. తక్కిన చైనాలో దీనిని 'చా' అంటారు. ఆ పేరు ఒంటెల బిడారుల వెంట మధ్య ఆసియా మీదుగా పారశీకానికి చేరి 'చాయ్' అయినది. మన తెలుగులో ఈ రెండు దారులూ కలిసినవి. 'తేయాకు', 'తేనీరు', 'టీ' అనే మాటలలో సముద్రమార్గం కనిపిస్తుంది. తెలంగాణలో ఇంటింటా వినిపించే 'చాయ్' అనే మాటలో భూమార్గం కనిపిస్తుంది. కోస్తాలో టీ అడిగినవాడూ, హైదరాబాదులో చాయ్ అడిగినవాడూ తమకు తెలియకుండానే రెండు ప్రాచీన వర్తక మార్గాలను స్మరిస్తున్నారన్నమాట.

చైనాలో తేయాకును మొదట ఔషధంగాను, కూరాకుగాను వాడేవారు. క్రీస్తుశకం 8వ శతాబ్దంలో, థాంగ్ వంశపు రాజుల కాలంలో, లూ యూ అనే పండితుడు తేనీటిపై ఒక శాస్త్రగ్రంథమే వ్రాసినాడు. ఏ నీరు మంచిది, ఎంత మరగాలి, ఏ పాత్ర ఉత్తమం అన్న విషయాలన్నీ అందులో విధించినాడు. ఆనాటి సామాన్య జనం తేయాకును ఉల్లి, అల్లం, నారింజతొక్క, పుదీనా మొదలైన వాటితో కలిపి ఉడికించి త్రాగేవారు. లూ యూకు ఇది కిట్టలేదు. అటువంటి తేనీరు కాలువలో పారబోయదగినదని ఈసడించినాడు. అయితే చిటికెడు ఉప్పు వేయడానికి మాత్రం ఆయన అభ్యంతర పెట్టలేదు! ఆ కాలపు తేయాకు అచ్చులుగా పోసిన బిళ్ల. దానిని కాల్చి, పొడిచేసి, మరిగే నీటిలో వేసేవారు. తరువాత సోంగ్ వంశపు కాలంలో పొడిని వేడినీటిలో నురుగు వచ్చేటట్లు గిలకొట్టే పద్ధతి వచ్చినది. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి హోంగ్ వూ, కప్పంగా బిళ్లలు పంపడం మాని విడి ఆకునే పంపవలసినదని ఆజ్ఞాపించినాడు. విడి ఆకు మీద వేడినీరు పోసి వడకట్టే నేటి పద్ధతికి ఆ తరువాతనే ప్రాబల్యం కలిగినది. శాస్త్రకారుడు లూ యూ అయినా, ఆయన చెప్పిన తేనీరు ఆయన దేశంలోనే మిగలలేదు. జపానువారు మాత్రం సోంగ్ కాలపు గిలకొట్టిన తేనీటిని నేర్చుకొని, దానిని ఒక మౌన కళగా తీర్చిదిద్దినారు. టిబెట్టువారు అదే బిళ్లను వెన్నతోను ఉప్పుతోను చిలికి, చలిదేశపు ఆహారంగా మార్చుకొన్నారు.

మన దేశానికి తేనీటిని పరిచయం చేసినది ఇంగ్లీషువారే అని సాధారణంగా అనుకొంటాము. ఇది పూర్తిగా నిజం కాదు. 1689లో సూరతు రేవుకు వచ్చిన జాన్ ఓవింగ్టన్ అనే క్రైస్తవ మతాచార్యుడు తన యాత్రాగ్రంథంలో అక్కడి వర్తకులు తేనీరు త్రాగుతున్న సంగతి వ్రాసినాడు. వేడి మసాలా దినుసులతో కాచిన తేనీరు తలనొప్పికి, కడుపునొప్పికి మందుగా పనిచేస్తుందని వారి నమ్మకమట. కలకండతోగాని, నిమ్మతోగాని త్రాగేవారట. అంటే మసాలా తేనీరు అనేది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. శొంఠి, మిరియాలు మరగబెట్టి కషాయం త్రాగే దేశంలో మరొక ఆకు వచ్చి చేరినది. వచ్చిన అతిథిని మనవారు తమ పెట్టెలోని దినుసులతోనే ఆదరించినారు.

ఆ కాలానికి ఇంగ్లండులోనే తేనీరు కొత్త. లండను నగరపు దినచర్య వ్రాసిన శామ్యూల్ పీప్స్ తన మొదటి కప్పు తేనీటిని 1660 సెప్టెంబరు 25న త్రాగినట్లు నమోదు చేసుకొన్నాడు. రెండేళ్లకు రెండవ చార్లెసు రాజును పెండ్లాడిన పోర్చుగీసు రాకుమార్తె కాథరీన్ ఈ అలవాటును రాజసభలో ప్రతిష్ఠించినది. సామాన్యునికి మాత్రం అది చాలాకాలం అందని పండు. 1784లో తేయాకు మీది పన్నును నూటికి 119 నుండి పన్నెండున్నరకు తగ్గించిన తరువాతనే అది ఇంటింటా ప్రవేశించినది. ఇంగ్లీషువారు చైనీయుల వలె త్రాగలేదు. పాలు కలిపినారు. కరిబియన్ దీవులలో బానిసల చెమటతో పండిన చక్కెర కలిపినారు. గురువు నేర్పినది ఒకటి, శిష్యుడు చేసినది ఒకటి.

ఆ చైనా తేయాకును వెండి పోసి కొనడం ఇంగ్లీషువారికి భారమైనది. వెండికి బదులుగా భారతదేశంలో పండించిన నల్లమందును చైనాకు చేరవేసినారు. తుదకు అది 1839లో యుద్ధానికి దారితీసినది. ఇంతలో తమ రాజ్యంలోనే తేయాకు పండించాలన్న ఆలోచన బలపడినది. అస్సాం కొండలలో సింగ్ ఫో జాతివారు ఆ ఆకును ఏనాటినుండో ఎరుగుదురు. వారు ఆకును వేయించి, వెదురు గొట్టాలలో కూరి, పొగలో ఆరబెట్టి దాచుకొనేవారు. మణిరామ్ దివాన్ అనే అస్సామీ ప్రముఖుడు ఈ సంగతి తెలుపగా, 1823లో రాబర్టు బ్రూస్ అనే స్కాట్లండు వర్తకుడు సింగ్ ఫో నాయకుని కలుసుకొన్నాడు. 1834లో ప్రభుత్వం తేయాకు సంఘాన్ని నియమించినది. 1839 జనవరిలో అస్సాం తేయాకు 8 పెట్టెలు లండనులో వేలానికి వచ్చినవి. దారి చూపిన మణిరామ్ తరువాత తానే తోటలు వేసినాడు. 1857 తిరుగుబాటులో పాల్గొన్నాడన్న నేరంపై 1858 ఫిబ్రవరి 26న ఆయనను ఉరితీసినారు.

తోటలు పెరిగినవి. పని చేయడానికి మనుషులు కావలసి వచ్చినారు. ఛోటానాగపూరు నుండి, ఒరిస్సా నుండి, మన గంజాము విశాఖపట్టణం జిల్లాల నుండి కూలీలను రైళ్లమీద, స్టీమర్లమీద తరలించినారు. తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ అస్సాం తోటలలో ఉన్నవి. 1882 నాటి చట్టం ప్రకారం ఒప్పందపు గడువు తీరకముందే తోట విడిచిన కూలీని వారంటు లేకుండానే పట్టుకొనే అధికారం తోట దొరలకు ఉండేది. ఈ దుస్థితిని ద్వారకానాథ గంగూలీ వంటి బ్రహ్మసమాజ ప్రముఖులు బెంగాలీ పత్రికలలో వెల్లడించినారు. లేత చిగురులు ఓడలకెక్కినవి. ఆ చిగురులను గిల్లిన చేతులకు దక్కినది ముతక ఆకు. పాలు లేవు, పంచదార లేదు. ఎండలో పనిచేసే శరీరం చెమటతో ఉప్పును కోల్పోతుంది. అందుచేత తోటల కూలీలు తేనీటిలో ఉప్పు వేసుకొని త్రాగినారు. ఆ ఆచారం నేటికీ పోలేదు. ఆనాడు చైనాలో పండితుడు ఉప్పు వేసినది రుచి కోసం. ఇక్కడ శ్రామికుడు ఉప్పు వేసినది ఒంటిలో సత్తువ నిలుపుకోవడానికి. ఒక్క చిటికెడు ఉప్పులో రెండు చరిత్రలు దాగి ఉన్నవి.

ఇంతవరకు తేయాకు మన దేశంలో పండేది గాని, మన దేశంలో ఖర్చయ్యేది కాదు. ఆకు ఎక్కువై ధర పడిపోగా, తోటల యజమానుల దృష్టి స్వదేశపు జనం మీద పడినది. 1903లో ఎగుమతి అయ్యే తేయాకు మీద ప్రత్యేక సుంకం విధించి, ఆ ధనాన్ని తేనీటి ప్రచారానికి వినియోగించే చట్టం చేసినారు. 1930 తరువాత, ప్రపంచమంతటా మాంద్యం వ్యాపించి ఎగుమతులకు హద్దులు ఏర్పడగా, ఈ ప్రచారం మరింత ఉద్ధృతమైనది. సంతలలో, తిరునాళ్లలో, కర్మాగారాల వాకిళ్లలో ఉచితంగా తేనీరు పంచినారు. ఇండ్లలోని స్త్రీలకు నేర్పడానికి స్త్రీలనే నియమించినారు. రైల్వే స్టేషనులలో దేశభాషలలో రంగురంగుల ఇనుప రేకులు వ్రేలాడదీసి, తేనీరు కాచే పద్ధతిని పాఠం వలె బొమ్మలతో చూపినారు. తాజా నీరు బాగా మరగాలి; ఆకు పాత్రలో వేసి దానిమీద నీరు పోయాలి; కొద్ది నిమిషాలు మూతపెట్టాలి; పిదప వడపోసి పాలు, పంచదార చేర్చాలి. ఇదీ ఆ పాఠం.

జనం పాఠం విన్నారు. కప్పు పుచ్చుకొన్నారు. కాని ఇంటికి పోయి తమకు తోచినట్లు కాచుకొన్నారు. వీధి దుకాణదారు ఆకు తగ్గించి, పాలు పెంచి, పంచదార దండిగా వేసి, అల్లం, ఏలకి దంచి, అన్నిటినీ ఒకే గిన్నెలో కుతకుత ఉడికించినాడు. ప్రచారకులు దీనిని చూసి నొచ్చుకొన్నారు. ఆకు తక్కువ వాడితే వారి అమ్మకం తగ్గుతుంది కదా! వారి దృష్టిలో అది పద్ధతి తప్పిన తేనీరు. మన దృష్టిలో అదే తేనీరు.

ఈ ప్రచారాన్ని శంకించినవారూ లేకపోలేదు. ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ తేనీటి అలవాటును తీవ్రంగా ఖండించినారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు గాంధీజీ ఆరోగ్యంపై వ్రాసిన పుస్తకంలో, తేయాకులోని టానిన్ శరీరానికి మేలుచేయదని వాదించినారు. ఈ మాటలను వట్టి ఛాందసమని కొట్టివేయడం న్యాయం కాదు. ఒకరి లాభం కోసం కోట్లమందికి ఒక కొత్త అవసరాన్ని కల్పించడం సమంజసమా అన్నది వారు లేవదీసిన అసలు ప్రశ్న. భోజనంతోపాటు తేనీరు త్రాగితే ఆహారంలోని ఇనుము ఒంటబట్టడం తగ్గుతుందని తరువాతి పరిశోధనలు తేల్చినవి. రక్తహీనత అధికంగా ఉన్న మన దేశంలో ఇది గుర్తుంచుకోదగిన విషయం. అన్నానికీ తేనీటికీ నడుమ ఒక గంట వ్యవధి ఉండడం మంచిది.

అయినా తేనీరు నిలిచినది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన తేయాకులో అధికభాగం విదేశాలకే పోయేది. నేడు ఏటా సుమారు 130 కోట్ల కిలోలు పండుతుండగా, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా మనమే త్రాగుతున్నాము. దీనికి ఒక యంత్రం తోడ్పడినది. 1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెకర్చర్ అనే తోట దొర, ఆకును నలిపి, చీల్చి, ఉండలుగా చుట్టే యంత్రాన్ని కనిపెట్టినాడు. దానినే సీ.టీ.సీ. పద్ధతి అంటారు. అంగడిలో దొరికే గింజల వంటి టీపొడి దానినుండి వచ్చినదే. చూర్ణం కావడం చేత రంగు, చిక్కదనం త్వరగా దిగుతవి. కొద్ది పొడితో ఎక్కువ కప్పులు వస్తవి. ధర తక్కువ. అయితే వగరు ఎక్కువ. ఇక్కడ మన పాల గిన్నె అక్కరకు వచ్చినది. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు టానిన్‌ను పట్టి ఉంచి, దాని వగరును అణచివేస్తుంది. ఏ రసాయన శాస్త్రమూ చదవని వీధి దుకాణదారు అనుభవంతో ఈ సమన్వయాన్ని సాధించినాడు.

ఇట్లే పొరుగుదేశపు పద్ధతిని మార్చుకొన్న మరొక ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉన్నది. 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది ఆరంభాన ఇరాను నుండి అనేక కుటుంబాలు బొంబాయి, పూనా, హైదరాబాదు నగరాలకు వలస వచ్చి హోటళ్లు పెట్టుకొన్నవి. స్వదేశంలో ఇరానీయులు తేనీటిలో పాలు కలపరు. చక్కెర బిళ్లను పంటి నడుమ ఉంచుకొని, దాని మీదుగా ఎర్రని తేనీటిని చప్పరిస్తారు. హైదరాబాదుకు వచ్చిన ఇరానీ హోటలువారు ఇక్కడి నాలుకను గమనించినారు. డికాషనును మూతబిగించిన పాత్రలో సన్నని సెగమీద చాలాసేపు మగ్గబెట్టి, పాలను వేరుగా చిక్కగా మరగకాచి, రెంటినీ కప్పులోనే కలిపినారు. అదే ఇరానీ చాయ్. ఇరానుకు పోయి అడిగితే అది దొరకదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోసే ఉస్మానియా బిస్కట్టు దానికి తోడైనది. ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకొనే 'వన్ బై టూ' ఆచారం వల్ల జేబులో డబ్బు తక్కువైనా స్నేహానికి లోటు లేకపోయినది.

ఇక ఏది సరియైన పద్ధతి? ఇంగ్లీషు రచయిత జార్జి ఆర్వెల్ 1946 జనవరిలో ఒక పత్రికలో తేనీరు కాచడానికి 11 నియమాలు వ్రాసినాడు. కప్పులో ముందు తేనీరు పోసి తరువాతనే పాలు పోయాలనీ, పంచదార అసలే వేయరాదనీ ఆయన పట్టుదల. ఆయన కోరినది భారతదేశపు ఆకునో, సింహళపు ఆకునో కావడం మనకు సంతోషమే. 1980లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ, రుచి పరీక్షల నిమిత్తం 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాల కాలం అని నిర్ణయించినది. ఈ ప్రమాణం రెండు ఆకులను పోల్చడానికి పనికివస్తుంది. మనకు ఏ రుచి హితమో అది చెప్పలేదు.

ఆ సంగతి ఎవరికి వారు తెలుసుకోవలసినదే. అయితే గుడ్డిగా కాదు, కొంచెం తెలివిడితో. తేనీరు పలుచగా ఉన్నదని తోస్తే ఎక్కువసేపు మరిగించడం కంటె మరికొంత ఆకు చేర్చడం మేలు. పరిమళం తొలి నిమిషాలలోనే దిగుతుంది. వగరు మాత్రం కాలంతోపాటు పెరుగుతుంది. డార్జిలింగు, నీలగిరి వంటి సున్నితమైన విడి ఆకును పాలలో ఉడికిస్తే దాని సువాసన తెలియదు. దానిని వట్టి వేడినీటితో మూడు నాలుగు నిమిషాలు ఉంచి వడపోసి చూడాలి. పచ్చ తేయాకుకు మరిగే నీరు పనికిరాదు. పొంగు చల్లారిన నీరు కావాలి. అల్లం వేసేవారు దానిని ముందుగా నీటిలో మరిగించి ఆ పిమ్మట పాలు పోస్తే పాలు విరగవు. పంచదార తగ్గించదలచినవారు ఒక్కసారిగా మానక, వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. అన్నిటికంటె ముఖ్యం, ఒకసారి ఒక్కటే మార్చి చూడడం. ఆకు, నీరు, కాలం, పాలు అన్నిటినీ ఒకేమారు మార్చినవానికి ఏ మార్పు వల్ల రుచి కుదిరినదో బోధపడదు.

పన్నెండు శతాబ్దాల క్రిందట లూ యూ ఈసడించిన అల్లపు తేనీటిని నేడు మన దేశంలో కోట్లమంది ప్రొద్దున్నే కోరి త్రాగుతున్నారు. లూ యూ పుస్తకమూ గౌరవం కోల్పోలేదు, అల్లమూ ఓడిపోలేదు. రైల్వే స్టేషనులో రేకు వ్రేలాడదీసినవాడు మనకు తేనీటిని అమ్మగలిగినాడు గాని, తన రుచిని అమ్మలేకపోయినాడు. ఈ చిన్న స్వాతంత్ర్యం మనది. దానిని అనుభవించే వేళ, తోటలో వంగి రెండాకులూ ఒక మొగ్గా గిల్లే స్త్రీ ఇప్పటికీ ఉప్పు తేనీరే త్రాగుతున్నదన్న సంగతిని కూడ మరువకుండా ఉంటే, మన కప్పుకు అర్హత కలుగుతుంది.